తోడి గాంధారం ఒక పరీక్ష: కొత్త ఎలక్ట్రానిక్ కంట్రోలర్లతో ఏం సాధ్యం, ఏం కాదు

వీణ మీద ఎడమచేతి వేలు తీగను ఎంత లాగితే స్వరం అంత పైకి పోతుంది. తీగ బిగువు వేలికి తిరిగి తెలుస్తుంది, ఎంత లాగామో చెవి కంటే ముందు చర్మానికే తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ కంట్రోలర్‌లో ఈ లంకె ఉండదు. వేలు తాకేది సెన్సరును, సెన్సరు పంపేది అంకెలను. శబ్దం పుట్టేది ఇంకెక్కడో, సింథసైజర్‌లోనో కంప్యూటర్‌లోనో. ఈ తెగిన లంకెను ఎవరు, ఎలా ముడివేస్తారన్న దాని మీదే కంట్రోలర్ విలువ ఆధారపడి ఉంటుంది. ఎన్ని సెన్సర్లున్నాయి, ఎన్ని రంగుల దీపాలు వెలుగుతాయి అన్న లెక్క అంత ముఖ్యం కాదు.

దీన్ని తేల్చడానికి కర్ణాటక సంగీతంలో మంచి పరీక్ష ఒకటుంది. తోడి రాగంలో సాధారణ గాంధారం ఒకచోట నిలబడదు. కింద శుద్ధ రిషభం వైపు, పైన శుద్ధ మధ్యమం వైపు ఊగుతుంది. ఆ ఊపు లేకుండా గాంధారాన్ని చదునుగా పట్టుకుంటే స్వరస్థానం సరిగ్గానే ఉంటుంది, తోడి మాత్రం ఉండదు. రిషభం నుంచి మధ్యమానికి నాలుగు అర్ధస్వరాలు, అంటే 400 సెంట్లు. ఏ కంట్రోలర్ అయినా ఈ 400 సెంట్ల మేర మెత్తగా, కోరిన వేగంతో, ఒక్క స్వరం మీదే ఊగించగలదా అని అడిగితే దాని గుణదోషాలు చాలావరకు బయటపడతాయి.

ఈ ప్రశ్న ఎలక్ట్రానిక్స్‌తో మొదలైంది కాదు. తెలుగు పద్యనాటకానికి ప్రాణంగా నిలిచిన హార్మోనియాన్ని ఆకాశవాణి 1940లో నిషేధించి, 1971లో గానీ సడలించలేదు. అందుకు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది ఇదే: మెట్టు నొక్కాక స్వరం కదలదు. నాటక రంగంలో హార్మోనిస్టులు వేగంతో, మెట్ల మీది జారుడుతో, గాయకుడి గొంతుకు అంటిపెట్టుకుపోయే నేర్పుతో ఆ లోటును చాలావరకు కప్పిపెట్టారు. నేర్పు వాళ్ళది, లోటు వాద్యానిది. కొత్త కంట్రోలర్లను చూసేటప్పుడు కూడా ఈ రెంటినీ విడదీసి చూడాలి.

చక్రం చేసే పని

పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు మీద నాదస్వరం, షెహనాయి పలికించే వాద్యకారుడి ఎడమచెయ్యి ఎప్పుడూ స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రం మీదే ఉంటుంది. ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే భాష మిడి. 1983లో వచ్చిన ఈ ప్రమాణంలో చక్రం విలువలు 0 నుంచి 16,383 దాకా ఉంటాయి, నడిమి బిందువు 8,192. మామూలుగా ఈ మొత్తం కదలిక పైకి రెండు, కిందికి రెండు అర్ధస్వరాలకు అమర్చి ఉంటుంది. తోడి గాంధారానికి ఇది సరిగ్గా సరిపోతుంది: గాంధారం మెట్టు నొక్కి చక్రాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి ఆడిస్తే రిషభం, మధ్యమం రెండూ అందుతాయి. పంచమం నుంచి పై షడ్జానికి జారు వెయ్యాలంటే మాత్రం ఐదు అర్ధస్వరాలు కావాలి, అది అందదు. అందుకని చాలామంది పరిధిని 12కు పెంచేస్తారు.

చిక్కు అక్కడే వస్తుంది. ప్రమాణం 16,384 మెట్లకు వీలిచ్చినా చవక కీబోర్డుల్లో చక్రం నిజంగా పంపేది చాలాసార్లు 128 మెట్లే. పరిధి రెండు అర్ధస్వరాలప్పుడు ఒక్కో మెట్టు దాదాపు 3 సెంట్లు, చెవికి అంతగా తెలియదు. 12కు పెంచితే ఒక్కో మెట్టు 18.75 సెంట్లు. నెమ్మదిగా జారు వేసినప్పుడు స్వరం గీరుకుంటూ మెట్లుమెట్లుగా వినిపిస్తుంది. కీబోర్డును కంప్యూటర్‌కు కలిపి మిడి సందేశాలు చూపే ఉచిత ప్రోగ్రామ్ ఏదైనా తెరిచి, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ అంకెలు ఎలా మారుతున్నాయో చూస్తే నిమిషంలో తేలిపోతుంది. అంకెలు 128 చొప్పున గెంతుతుంటే అది 128 మెట్ల చక్రమే.

రెండో చిక్కు ఇంకా పెద్దది. మిడి సందేశాలు పదహారు చానళ్ళలో, అంటే వేర్వేరు దారుల్లో వెళ్తాయి. చక్రం ఒక చానల్‌లోని స్వరాలన్నిటినీ కలిపి వంచుతుంది. అదే చానల్‌లో శ్రుతి మోగుతుంటే గాంధారంతోపాటు షడ్జ పంచమాలు కూడా ఊగుతాయి. శ్రుతిని వేరే చానల్‌కు మార్చితే ఆ ఇబ్బంది పోతుంది. కానీ రెండు స్వరాలు కలిపి పట్టి ఒకదాన్ని మాత్రమే వంచడం చక్రంతో కుదరని పని. పైగా చాలా చక్రాల్లో స్ప్రింగు ఉంటుంది, చెయ్యి వదిలితే నడిమికి గెంతుతుంది. ఊపు చివర మెల్లగా ఆగవలసిన స్వరం ఠక్కున ఆగుతుంది.

ఒక్కో వేలికి ఒక్కో చానల్

2018 జనవరిలో మిడి తయారీదారుల సంఘం ఆమోదించిన ఎంపీఈ (మిడి పాలిఫోనిక్ ఎక్స్‌ప్రెషన్) విధానం ఈ రెండో చిక్కును తీర్చింది. ఉపాయం సులభమైనదే. పదహారు చానళ్ళలో ఒకదాన్ని అందరికీ ఉమ్మడిగా ఉంచి, మిగిలిన పదిహేనింటిని మోగుతున్న ఒక్కో స్వరానికి ఒక్కోటి చొప్పున పంచుతారు. ఇక ప్రతి స్వరానికీ సొంత వంపు ఉంటుంది, సొంత ఒత్తిడి ఉంటుంది, వేలు ముందుకు వెనక్కి జరిగినందుకు ఇంకొక విలువ ఉంటుంది. ఈ మూడోది సాధారణంగా కంట్రోల్ చేంజ్ 74 అనే మిడి సందేశంగా వెళ్తుంది. ఒక్కో స్వరం వంపు పరిధి మామూలుగా పైకి 48, కిందికి 48 అర్ధస్వరాలు. ఇంత విశాలమైన పరిధిని 16,384తో భాగించినా ఒక్కో మెట్టు 0.6 సెంటు కూడా ఉండదు. సూక్ష్మత విషయంలో ఇక ఫిర్యాదు లేదు.

కొత్తగా కొన్నవాళ్ళకు మొదటి రోజే ఎదురయ్యే తంటా కూడా ఈ 48తోనే. కంట్రోలర్ 48 అనుకుని పంపుతుంటే అవతల సింథసైజర్ 2 అనుకుని వింటే, వేలు ఒక అర్ధస్వరం జరిపినా స్వరం 4 సెంట్లు మాత్రమే కదులుతుంది. పరికరం పనిచెయ్యడం లేదేమో అనిపిస్తుంది. ఇది తిరగబడి, కంట్రోలర్‌లో 2, సింథసైజర్‌లో 48 ఉంటే ఒక అర్ధస్వరం జరుపుడుకు స్వరం రెండు ఆక్టేవులు ఎగిరిపోతుంది. రెండుచోట్లా ఒకే అంకె ఉందా అని చూడడమే మందు. వేలు అసలు కదపకుండానే స్వరాలు అపశ్రుతిగా వస్తుంటే, సింథసైజర్‌లో ఎంపీఈ మోడ్ వెయ్యకుండా అన్ని చానళ్ళనూ ఒకేచోట వింటున్నారని అర్థం.

రికార్డింగ్‌లో ఇంకో ఉచ్చు ఉంది. వచ్చిన సందేశాలన్నిటినీ ఒకే చానల్‌లోకి కలిపేసే ట్రాక్‌లో రికార్డు చేస్తే వేళ్ళన్నిటి వంపులూ ఒకదానిమీద ఒకటి పడి కలగాపులగం అవుతాయి. ఏది ఏ స్వరానిదో తర్వాత విడదీయలేరు. రికార్డింగ్ ప్రోగ్రాముల్లో బిట్‌విగ్, లాజిక్, 11వ వెర్షన్ నుంచి ఏబుల్టన్ లైవ్ ఎంపీఈని నేరుగా అర్థం చేసుకుంటాయి. రీపర్‌లో అయితే చానళ్ళు కలవకుండా రికార్డు చేసుకుంటే చాలు. పాత ఐదు పిన్నుల మిడి తీగతో ఎంపీఈ నడపకపోవడం మేలు. ఆ తీగ వేగం సెకనుకు 31,250 బిట్లు, ఒక్కో బైటుకు 0.32 మిల్లీసెకను పడుతుంది. ఒక వేలి మూడు విలువలు పంపడానికి ఎనిమిది బైట్లు, అంటే 2.56 మిల్లీసెకన్లు. ఐదు వేళ్ళకైతే ఒక్క చుట్టుకే 12.8 మిల్లీసెకన్లు. యూఎస్‌బీ మీద ఈ ఇరుకు ఉండదు.

పలక, రబ్బరు, కదిలే మెట్టు

ప్రమాణం కుదిరాక ప్రశ్న చేతి దగ్గరికి వస్తుంది. తోడి గాంధారాన్ని సెకనుకు ఐదుసార్లు ఊగిస్తే ఒక్కో ఊపుకు 200 మిల్లీసెకన్లు. పియానో కొలతలో ఆక్టేవు వెడల్పు సుమారు 165 మిల్లీమీటర్లు, అంటే అర్ధస్వరానికి దాదాపు 14. వేలు జరిపిన దూరం ఎంతో స్వరం అంతే జరిగే పలకల మీద, రిషభం నుంచి మధ్యమానికి వెళ్ళి తిరిగి రావడానికి వేలు పదకొండు సెంటీమీటర్లు ప్రయాణించాలి, అదీ సెకనులో ఐదో వంతులో. ఇల్లినాయిస్‌లో లిపోల్డ్ హాకెన్ రూపొందించిన కంటిన్యుమ్, రోజర్ లిన్ 2014లో తెచ్చిన లిన్‌స్ట్రుమెంట్, లండన్‌లో పుట్టిన సీబోర్డ్ ఈ కోవలోవి. జారుకు ఇవి అద్భుతం. పంచమం నుంచి పై షడ్జం దాకా ఒకే వేలితో, ఎక్కడా అతుకు లేకుండా వెళ్ళవచ్చు. విలంబ కాలంలో కంపితం కూడా బాగా కుదురుతుంది. వేగం పెరిగేకొద్దీ ఊపు వెడల్పు తగ్గిపోతూ వస్తుంది. వాద్యకారుడు తగ్గించాలనుకుని కాదు, చెయ్యి అంత దూరం పోలేక.

సీబోర్డ్ పైపొర సిలికాన్ రబ్బరు. పొడి వేలికి ఒక రకంగా, చెమట పట్టిన వేలికి ఇంకో రకంగా తగులుతుంది. విశాఖ, కాకినాడ ఉక్కలో ఏసీ లేని వేదిక మీద గంటసేపు వాయించాలనుకునేవారు ఇంట్లో ఫ్యాను కింద పది నిమిషాలు వాయించి తీర్పు చెప్పకూడదు. లిన్‌స్ట్రుమెంట్‌లో ఎనిమిది వరుసలు, వరుసకు పాతిక గళ్ళు, వరుసకూ వరుసకూ మధ్య మామూలుగా నాలుగో స్వరం దూరం, గిటార్ తీగల పద్ధతి. ఏ శ్రుతికి మార్చుకున్నా వేళ్ళ అమరిక మారదు. కర్ణాటక గాయకులతో వాయించేవారికి ఇది చాలా పెద్ద సుఖం. శ్రుతి ఒకటిన్నర కట్టె నుంచి ఐదు కట్టెలకు మారినా చెయ్యి కొత్త దారి నేర్చుకోనక్కర్లేదు.

ఈ పలకల్లో తప్పనిసరిగా చూసుకోవలసిన అమరిక ఒకటుంది. వేలు గడి నడిమిన కాక అంచున పడితే స్వరం కొద్దిగా అపశ్రుతి అవుతుంది కాబట్టి, పరికరం ఆ స్వరాన్ని దగ్గరి స్వరస్థానానికి లాగుతుంది. తాకిన క్షణంలో లాగడం మేలే. వేలు కాస్త ఆగినప్పుడల్లా లాగే అమరిక మాత్రం గమకానికి శత్రువు. వేలు ఊపు కొసన లిప్తపాటు నిలవగానే స్వరం పక్క అర్ధస్వరానికి అతుక్కుపోతుంది. తోడి గాంధారం మెట్లుమెట్లుగా విరిగిపోతుంటే ముందు దీన్ని ఆపేసి చూడాలి.

ఫ్రాన్స్‌లో తయారైన ఆస్మోస్ దారి వేరు. అందులో 49 మామూలు పియానో మెట్లు ఉంటాయి, ఒక్కో మెట్టు పక్కలకు కూడా కదులుతుంది. మెట్టును అటూ ఇటూ ఊపితే ఆ స్వరం ఒక్కటే వంగుతుంది. వేలు ప్రయాణించే దూరం తక్కువ కాబట్టి వేగం ఇక్కడ సమస్య కాదు. కానీ పరిధి పెంచేకొద్దీ అదే చిన్న కదలికలో ఎక్కువ సెంట్లు ఇమడాలి, చెయ్యి కొద్దిగా తడబడినా ఎక్కువ వినిపిస్తుంది. వైణికులకు ఇంకొక అలవాటు మారాలి. తీగను లాగితే స్వరం పైకే పోతుంది. అందుకే వీణ మీద చాలా గమకాలు కింది మెట్టు మీద మొదలై పైకి లేస్తాయి, రిషభం మెట్టు మీదే గాంధారం, మధ్యమం పలుకుతాయి. కదిలే మెట్టు మాత్రం రెండు వైపులా వంగుతుంది, కాబట్టి గాంధారం మెట్టు మీదే మొదలుపెట్టాలి. వేళ్ళ పాఠం మొత్తం తిరగరాసుకోవాలన్నమాట. ఈ పనికి నెలలు పడుతుంది. అమ్మకపు వీడియోల్లో ఈ సంగతి ఉండదు.

అవతలి గొంతు

పరికరం ఎంత మంచిదైనా అవతల మోగేది వీణ శాంపిల్ అయితే ఫలితం తీసికట్టుగానే ఉంటుంది. ఒక స్వరం దగ్గర రికార్డు చేసిన శబ్దాన్ని నాలుగు అర్ధస్వరాలు పైకి వంచితే, తీగ శ్రుతితోపాటు కుండ నాదం కూడా పైకి జరుగుతుంది. అసలు వీణలో కుండ ఎక్కడికీ పోదు. చెవికి ఆ వాద్యం అకస్మాత్తుగా చిన్నదైపోయినట్టు తోస్తుంది. తీగ, గాలి, పెట్టె ఎలా కంపిస్తాయో గణితంతో లెక్కగట్టి శబ్దం పుట్టించే ఫిజికల్ మోడలింగ్ పద్ధతిలో ఈ లోపం లేదు. 1994లో యమహా వీఎల్1 ఈ పద్ధతిని మార్కెట్‌లోకి తెచ్చింది, ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్ మీదే నడుస్తోంది. గమకం కోసం కంట్రోలర్ కొనేవారు ఖర్చులో కొంత భాగం ఇటువైపు పెట్టడం తెలివైన పని. శాంపిల్ తప్ప వేరే దారి లేకపోతే వంపును రెండు అర్ధస్వరాలకు మించనివ్వకుండా, మధ్యమం దగ్గర కొత్త స్వరం మొదలుపెట్టి అతికించడం కొంత నయం.

ఏ చేష్టను దేనికి ముడివెయ్యాలన్నది ఇంకో ప్రశ్న. కొత్తవాళ్ళు ఒత్తిడిని శబ్దస్థాయికి, ముందువెనకల జరుపుడును నాదం రంగు మార్చే ఫిల్టర్‌కు కట్టి ఊరుకుంటారు. వయొలిన్‌లో అలా ఉండదు. కమాను వేగం, బరువు, వంతెనకు దూరం మూడూ కలిసి బిగ్గరతనాన్నీ నిర్ణయిస్తాయి, నాదం రంగునూ నిర్ణయిస్తాయి. ఒత్తిడి పెరిగినప్పుడు శబ్దస్థాయి కొంచెం, పై హార్మోనిక్స్ ఎక్కువగా, ఒరిపిడి సవ్వడి మరికొంచెం పెరిగేలా ఒకే చేష్టను మూడింటికి పంచితే వాద్యం బతికినట్టు ఉంటుంది. ఒత్తిడి వక్రరేఖను కూడా చేతికి తగ్గట్టు మార్చుకోవాలి. మామూలు వాయింపులో విలువ 127లో 60 దగ్గర తిరుగుతూ, గట్టిగా నొక్కినప్పుడే 110 దాటేలా ఉంటే పైన కొంత జాగా మిగులుతుంది.

ఊపిరితో నడిచే కంట్రోలర్లు ఈ విషయంలో ఒక మెట్టు ముందున్నాయి. 1987లో అకాయ్ తెచ్చిన ఈడబ్ల్యూఐలో ఊపిరి నేరుగా శబ్దాన్ని మోస్తుంది, స్వరం మొదలు, నడక, ముగింపు అన్నీ ఊదేవారి అదుపులోనే ఉంటాయి. కీబోర్డు మీద ఎంత కష్టపడ్డా రాని నాదస్వరపు ఊపు ఇందులో సులభంగా వస్తుంది. కానీ దాని మీటలు తాకితే ఉన్నట్టు, వదిలితే లేనట్టు, మధ్యస్థితి లేదు. వేణువు మీద రంధ్రాన్ని సగం మూసి, మెల్లగా తెరిచి పలికించే గమకం వాటి మీద కుదరదు. బొటనవేలి కింది వంపు పలకతోనో, పళ్ళ కింది కొరుకుడు సెన్సరుతోనో ఆ పని చేసుకోవాలి.

ఆలస్యం, దరువు

చేష్టకు, శబ్దానికి మధ్య ఆలస్యం 10 మిల్లీసెకన్లు మించకూడదని, అందులో హెచ్చుతగ్గులు 1 మిల్లీసెకను దాటకూడదని 2002లో బర్కిలీ పరిశోధకులు డేవిడ్ వెస్సెల్, మాథ్యూ రైట్ ప్రతిపాదించారు. రెండో అంకె మొదటిదానికంటే ముఖ్యం. పది మిల్లీసెకన్లంటే స్పీకరు మూడున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టే, వాద్యకారుడు అలవాటు పడతాడు. ఒక దెబ్బకు మూడు, ఇంకో దెబ్బకు పదమూడు మిల్లీసెకన్లు పడితే అలవాటు పడడానికి ఏమీ ఉండదు. కంప్యూటర్ శబ్దాన్ని బయటికి పంపేముందు కొంత పోగుచేసుకుంటుంది, దాన్నే బఫర్ అంటారు. 48 కిలోహెర్ట్‌జ్ దగ్గర 256 శాంపిళ్ళ బఫర్ ఒక్కటే 5.3 మిల్లీసెకన్లు, 128కి తగ్గిస్తే 2.7. విండోస్‌లో ఆడియో ఇంటర్‌ఫేస్‌తో వచ్చే, ఆలస్యాన్ని తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవరే వాడాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఆలస్యాన్ని వంద మిల్లీసెకన్లు కూడా దాటించగలవు, వాయించేటప్పుడు వాటి ఊసే వద్దు.

దరువు ప్యాడ్లలో దీనికి తోడు ముసుగు కాలం అనే అమరిక ఉంటుంది. ఒక్క దెబ్బకు ప్యాడ్ పలుమార్లు కంపిస్తుంది కాబట్టి, మొదటి కంపనం తర్వాత కొన్ని మిల్లీసెకన్లు ఇంకేదీ లెక్కించకుండా ఉంటుంది. సెకనుకు 16 దెబ్బలు పడే మృదంగపు వేగంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 62 మిల్లీసెకన్లే ఉంటాయి. ముసుగు కాలం అంతకు మించితే దెబ్బలు మాయమవుతాయి, మరీ తగ్గిస్తే ఒకటి రెండుగా మోగుతుంది. 25 నుంచి 35 మధ్య మొదలుపెట్టి చూడడం మంచిది. ఎడమ మూత మీద అరచేతి మడమ నొక్కి పలికించే గుంకీని మామూలు ప్యాడ్ అసలు పట్టుకోలేదు. అది దెబ్బను కొలుస్తుంది, దెబ్బ తర్వాతి ఒత్తిడిని కాదు.

సొంతంగా చేసుకునేవారు గుంకీ కోసం ప్యాడ్ కింద ఒత్తిడి సెన్సరు కూడా పెట్టవచ్చు. దానికి శ్రేణిలో 10 కిలోఓమ్ నిరోధకం, యూఎస్‌బీ మిడి నేరుగా పంపగల ఆర్డ్వినో లియోనార్డో లేదా టీన్సీ అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు చాలు. ఆర్డ్వినోలోనే ఊనో బోర్డు ఈ పనికి నేరుగా పనికిరాదు. దెబ్బను పట్టే పీజో బిళ్ళకు సమాంతరంగా 1 మెగాఓమ్ నిరోధకం, వోల్టేజి హద్దు దాటకుండా జీనర్ డయోడ్ తప్పనిసరి. గట్టి దెబ్బకు పీజో పుట్టించే వోల్టేజి బోర్డును పాడుచేయగలదు. ఒత్తిడి అంకెలు వణుకుతుంటే సగటు తీసి మెత్తబరచవచ్చు. సెకనుకు వెయ్యిసార్లు చదువుతూ, ప్రతిసారీ కొత్త విలువకు ఎనిమిదో వంతు మాత్రమే కదిలితే వణుకు బాగా తగ్గుతుంది, బదులుగా 7–8 మిల్లీసెకన్ల మందకొడితనం వస్తుంది. దెబ్బకు ఈ మెత్తదనం వాడకూడదు, గుంకీకి వాడవచ్చు.

ఎన్నాళ్ళు బతుకుతుంది

పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ను కచేరీ వాద్యంగా నిలబెట్టాడు. జంట తీగల బదులు ఐదు ఒంటి తీగలు పెట్టుకుని, వేలితో తీగను వంచి, జార్చి గమకాన్ని సాధించాడు. ఆ వాద్యానికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లేదు. చిన్నప్పుడు నేర్చిన చేతివాటం చివరిదాకా చెల్లింది. కంట్రోలర్‌కు ఈ హామీ లేదు. 2009లో వచ్చిన ఐగెన్‌హార్ప్ అసాధారణ వాద్యం, పెద్ద నమూనాలో 132 సున్నితమైన మీటలు, ఊపిరి గొట్టం కూడా ఉండేవి. తయారీ ఆగిపోయింది. సీబోర్డ్ తయారుచేసిన రోలీ 2021లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళి, కొత్త సంస్థగా మళ్ళీ మొదలైంది. కొన్నవాళ్ళ చేతుల్లోని పరికరాలు మోగుతూనే ఉన్నా, అమరికలు మార్చే సాఫ్ట్‌వేర్ రాబోయే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుందా అన్న బెంగ ఇలాంటి ప్రతి సందర్భంలోనూ ఉంటుంది.

అందుకే లక్ష దాటిన ధర పెట్టేముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. డ్రైవరు వెయ్యకుండానే ఏ కంప్యూటర్‌కైనా మిడి పరికరంగా కనిపిస్తుందా? వంపు పరిధి, ఒత్తిడి వక్రరేఖ లాంటి ముఖ్యమైన అమరికలు పరికరం మీద మీటలతోనే మార్చుకోవచ్చా? రెంటికీ అవునంటే సంస్థ మూతపడినా వాద్యం మిగులుతుంది. లిన్‌స్ట్రుమెంట్ అమరికలు దాని పలక మీదే ఉంటాయి. ఆస్మోస్‌లో హాకెన్ బృందం సౌండ్ ఇంజిన్ లోపలే ఉంది, కంప్యూటర్ లేకపోయినా మోగుతుంది.

2020లో వెలువడిన మిడి 2.0 వల్ల ఈ చిక్కులన్నీ పోతాయని అనుకోనక్కర్లేదు. ఒక్కో స్వరానికి 32 బిట్ల వంపు ఇస్తుంది, చానళ్ళను అరువు తెచ్చుకునే ఎంపీఈ ఉపాయం అక్కర్లేకుండా చేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్, సాఫ్ట్‌వేర్, పరికరం మూడూ దాన్ని మాట్లాడితేనే ఆ లాభం దక్కుతుంది. చెమటకు అంటుకునే రబ్బరునూ, చెయ్యి పోలేని దూరాన్నీ అది మార్చదు.

రికార్డింగ్ చేసిన ప్రతిసారీ మిడి ట్రాక్‌తోపాటు శబ్దాన్ని వేవ్ ఫైల్‌గా కూడా భద్రపరచాలి. ఆ రోజు వాడిన సింథసైజర్ పేరు, వెర్షన్, వంపు పరిధి అంకె ఫైల్ పేరులోనే రాసిపెట్టాలి. ఐదేళ్ళ తర్వాత ఆ మిడి ఫైలును తెరిచేవారికి పరిధి 48 అని తెలియకపోతే గమకాలన్నీ తప్పుగా మోగుతాయి. ఆ అంకె కొన్ని మిడి ఫైళ్ళలో ఉంటుంది, చాలావాటిలో ఉండదు.